ఓటు వేయని వేలికి సిరా చుక్క

నిజాంపేట నుంచి ఒక పాఠకురాలు ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు నలభై రెండు. బేగంపేటలో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. అత్తవారిది తెనాలి దగ్గర పల్లెటూరు. పెళ్ళయి పదిహేడేళ్ళు, కాపురమంతా హైదరాబాద్‌లోనే. భర్త, అత్తగారు, కొండాపూర్‌లో ఉండే మరిది, అందరి ఓట్లూ ఇంకా ఊళ్ళోనే ఉన్నాయి. ఈవిడ ఒక్కరే 2023లో ఫారం 8 పెట్టి తన ఓటు ఇక్కడికి మార్పించుకున్నారు. నవంబరులో అసెంబ్లీకి పక్క కాలనీ బడిలో ఓటు వేశారు కూడా.

2024 మే 13న లోక్‌సభ పోలింగు. రెండో శనివారం, ఆదివారం కలిసి రావడంతో భర్తా అత్తగారూ శనివారమే కారులో ఊరికి బయలుదేరారు. పంతంగి టోల్‌గేటు దగ్గరే గంటన్నర పట్టిందట. ఈవిడ సోమవారం పొద్దున్నే అదే బడికి వెళ్ళి గంటసేపు లైన్లో నిలబడ్డారు. తీరా లోపలికి వెళ్తే, 'ఈసారి మీ పేరు ఇక్కడ లేదమ్మా, వేరే బడిలో పడింది' అన్నారు. అది కిలోమీటరు దూరం. అప్పటికే ఎండ ముదిరింది. చల్లబడ్డాక వెళ్దామని ఇంటికొచ్చి, అన్నం తిని పడుకున్నారు. లేచేసరికి ఐదున్నర. ఇక వెళ్ళలేదు.

రాత్రి ఏడింటికి ఊరి నుంచి అత్తగారు ఫోన్ చేసి "వేశావామ్మా?" అన్నారు. "వేశానత్తయ్యా" అన్నారు ఈవిడ. ఫోన్ పెట్టేశాక వేలు గుర్తొచ్చింది. కూతురి పెన్సిల్ బాక్సులోంచి పర్మనెంట్ మార్కర్ తీసి, ఎడమ చూపుడు వేలి గోరు మీద గీత పెట్టుకున్నారు. పదమూడేళ్ళ పాప చూసి నవ్వి, "నాన్నకి చెప్పన్లే మమ్మీ" అంది. మార్కర్ మూడు రోజుల్లో పోయింది. రెండు వారాల తర్వాత భోజనాల దగ్గర అత్తగారు తన వేలు, కోడలి వేలు పక్కపక్కన పెట్టి చూసి, "నీది అప్పుడే పోయిందే" అన్నారు. అంట్ల సబ్బుకి పోయిందని చెప్పారట.

ఇక జూన్ 4. గృహప్రవేశం పనుల కోసం భర్త పెట్టిన ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఈవిడ అన్నయ్య కూడా ఉన్నారు. ఎల్బీనగర్‌లో ఉంటారు, రాజకీయంగా మరిదికి పూర్తిగా ఎదురు. ఫలితాలు వస్తుంటే పొద్దుటి నుంచీ ఇద్దరికీ మాటామాటా. సాయంత్రానికి కులాల దాకా వెళ్ళింది. రాత్రి పదింటికి అన్నయ్య, "ఆ ఇంట్లో మా చెల్లి ఎలా బతుకుతోందో మాకు తెలుసు" అని రాశారు. "అంత బాధగా ఉంటే తీసుకెళ్ళండి" అని మరిది జవాబిచ్చాడు. ఆ తర్వాత గ్రూపులో ఎవరూ ఏమీ రాయలేదు.

శ్రావణమాసంలో పాపకు ఓణీల ఫంక్షన్. మేనమామ ఓణీ తేవాలి. మరిది ఏమో "ఆయన స్టేజీ ఎక్కితే నేను గేటు దాటను" అంటున్నాడు. ఇద్దరూ ఈవిడ ఓటు తమ వైపే అనుకుంటున్నారు. "నిజం చెప్పాలా? చెబితే ఎవరికి? ఇద్దరిలో ఎవరిని వదులుకోవాలి? ఓటే వేయనిదాన్ని, వాళ్ళని కొట్టుకోవద్దనే అర్హత నాకుందా?" ఇవీ ఆవిడ ప్రశ్నలు.

సమాధానం:

మీ ఉత్తరంలో నేను చేసిన మార్పు ఒకటి ముందే చెప్పాలి. మీరు పార్టీల పేర్లు, నాయకుల పేర్లు, కులాల పేర్లు అన్నీ రాశారు. అవి తీసేసి మళ్ళీ చదివాను. ఎక్కడా అర్థం చెడలేదు. మీ అన్నయ్య మాటలు మీ మరిది నోట్లో పెట్టినా అతికినట్టే సరిపోతున్నాయి. అందుకే ఇక్కడ వాటిని వేయలేదు.

మీరు ఓటు వేయకపోవడం, వేశానని చెప్పడం, మగవాళ్ళిద్దరి పోట్లాట, ఈ మూడూ మీ మనసులో ఒకే ముద్దయిపోయాయి. నేను ఓటు వేయలేదు, అందుకే వాళ్ళని ఆపలేకపోతున్నాను, అందుకే ఫంక్షన్ పాడైపోతోంది అన్నట్టుంది ఉత్తరం. మీరు ఆ రోజు ఆ రెండో బడికి వెళ్ళి ఓటు వేసి వచ్చినా జూన్ 4 రాత్రి పదింటికి ఆ రెండు మెసేజీలూ వచ్చి ఉండేవి.

ఓటు సంగతి చూద్దాం. ఊరటగా ఉండే మాటలు చాలానే చెప్పగలను. హైదరాబాద్‌లో మీరు ఒంటరి కారు. ఈ ఎన్నికల్లో దేశమంతటా దాదాపు 66 శాతం మంది ఓటు వేశారు, తెలంగాణ మొత్తం మీద కూడా ఇంచుమించు అంతే. భువనగిరిలో 77 శాతం దగ్గరికి వెళ్ళింది. హైదరాబాద్, సికింద్రాబాద్ రెండూ యాభై దాటలేదు. మీ నిజాంపేట ఉన్న మల్కాజిగిరి యాభైని అలా దాటి ఆగిపోయింది. 37 లక్షల పైచిలుకు ఓటర్లతో ఆ ఎన్నికల్లో దేశంలోకెల్లా పెద్ద నియోజకవర్గం అది. సగం మంది రాలేదంటే పద్దెనిమిది లక్షల మంది అన్నమాట. వాళ్ళంతా బద్ధకస్తులు కారు. ఇల్లు మారినా పేరు పాత చోటే ఉండిపోయినవాళ్ళు, చనిపోయినా జాబితాలో మిగిలిపోయినవాళ్ళు, ఊళ్ళో ఒకటీ ఇక్కడొకటీ ఓటు పెట్టుకుని ఆ రోజు ఊరికి వెళ్ళినవాళ్ళు (రెండు చోట్ల పేరు ఉండటం చట్టప్రకారం తప్పు, అది వేరే సంగతి), అందరూ ఆ లెక్కలోనే ఉన్నారు. ఒకే ఫ్లాటులో భార్య పేరు ఒక బడిలో, భర్త పేరు ఇంకో బడిలో పడటం ఈ నగరంలో వింతేం కాదు. 2018 డిసెంబరులో బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల వెళ్తే ఆవిడ పేరే జాబితాలో లేదు. అప్పుడు రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి ఓటర్లకు బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నారు.

కానీ మీ పేరు పోలేదు. కిలోమీటరు దూరంలో ఉంది. పోలింగు సాయంత్రం ఆరింటి దాకా ఉంది. ఆరులోపు లైన్లో నిలబడితే చాలు, ఎంత రాత్రయినా ఓటు వేయనిస్తారు. ఐదున్నరకు లేచినా ఆటో ఎక్కితే అందేది. ఇది దెప్పడానికి రాయడం లేదు. ఉత్తరంలో మీరే మూడు చోట్ల 'సిస్టమ్' అని రాసి మూడు చోట్లా కొట్టేశారు. ఆ కొట్టివేతలు చూశాకే రాస్తున్నాను. జాబితా వాళ్ళ తప్పు సగం, మధ్యాహ్నం నిద్ర సగం. అంతవరకూ ఒప్పుకుంటే చాలు, జీవితాంతం మోయాల్సినంత బరువేమీ కాదది. మన దేశంలో ఓటు వేయకపోవడం నేరం కాదు. వేయనివాళ్ళు నోరెత్తకూడదన్న నియమమూ లేదు. 'కొట్టుకోకండి' అనడానికి ఓటర్ స్లిప్పు చూపించాల్సిన పని అసలే లేదు.

'వేశాను' అన్న మాట అలా కాదు. ఆ మాటకు మార్కర్ తోడైంది. ఓటేశాక పెట్టే సిరాలో సిల్వర్ నైట్రేట్ ఉంటుంది. మైసూరులో ప్రభుత్వ రంగంలోని రంగుల ఫ్యాక్టరీ తయారుచేస్తుంది, 1962 సాధారణ ఎన్నికల నుంచీ దాన్నే వాడుతున్నారు. చర్మం మీద కొన్నాళ్ళకు పోయినా, గోరు పెరిగి కత్తిరించుకునేదాకా వారాల తరబడి గోరు మీద కనబడుతూనే ఉంటుంది. ఏ అంట్ల సబ్బుకూ లొంగదు. డెబ్భై నాలుగేళ్ళ మీ అత్తగారు ఎన్ని ఎన్నికల్లో ఆ గీత పెట్టించుకుని ఉంటారో లెక్కేసుకోండి. వేళ్ళు పక్కపక్కన పెట్టి చూసి, 'అప్పుడే పోయిందే' అని ఒక్క మాట అని, మళ్ళీ ఆ ఊసెత్తలేదని మీరే రాశారు. ఆవిడకు తెలిసిపోయిందనే నా అనుమానం. తెలిసి ఊరుకున్నారు.

ఇప్పుడు నిజం ఎవరికి చెప్పాలి? ఎవరికీ చెప్పకుండా వదిలేయొచ్చు. పైకి ఏ నష్టమూ రాదు. మళ్ళీ ఎన్నికలొచ్చి ఆవిడ మీ వేలి వంక చూసినప్పుడల్లా కాస్త చివుక్కుమంటుంది, అంతే. పోనీ గ్రూపులో అందరికీ చెబుదామంటే, అది మాత్రం వద్దంటాను. ఇప్పుడున్న వేడిలో మీ ఒప్పుకోలు కూడా ఎవరో ఒకరి చేతిలో రాయి అవుతుంది. ఒకరు 'మీ ఇంట్లో ఓటు కూడా వేయనివ్వరా' అంటారు, ఇంకొకరు 'మీ చెల్లికి దేశం పట్టదు' అంటారు. ఇంకో దారి, భర్తకూ అత్తగారికీ మాత్రం చెప్పడం. మీవారు ఓ పూట నవ్వుతారు, లేకపోతే ఓ పూట ముభావంగా ఉంటారు. అత్తగారు మూడు వందల కిలోమీటర్లు వెళ్ళి వేసొచ్చిన మనిషి కాబట్టి ఒక మాట అంటారు. ఆ మాట పడటానికి సిద్ధపడితే ఇదే తేలికైన దారి అనిపిస్తుంది నాకు. ఒకటి మాత్రం చేయకండి. నోటాకు వేశానని చెప్పి తప్పించుకోకండి. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన ఆ మీట లైన్లో నిలబడి లోపలిదాకా వెళ్ళినవాళ్ళకి. ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం తొడుగు అవుతుంది, అంతే.

ఓటు వేశారా లేదా అన్నది వేరు, ఎవరికి వేశారన్నది వేరు. మీ అన్నయ్య 'మన ఇంటి ఆడపిల్ల' అంటున్నారు, మరిది 'వదిన మనిషే' అంటున్నాడు. మీరు ఇద్దరి దగ్గరా తలూపి ఊరుకున్నారు. ఆ తలూపడం మానేయండి. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లో 94వ సెక్షన్ ఒకటుంది. ఎవరికి ఓటు వేశావో చెప్పమని సాక్షిని గానీ ఇంకెవరిని గానీ బలవంతపెట్టకూడదని అందులో ఉంది. జడ్జి అడగకూడనిది మరిదీ అన్నయ్యా అడుగుతున్నారు! "నా ఓటు సంగతి నా దగ్గరే ఉంటుంది అన్నయ్యా" అని ఒకసారి, "నా ఓటు లెక్కలోకి తీసుకోకు బాబూ" అని ఒకసారి అనండి. మీరు వేయకపోయినా ఈ రెండు మాటల్లో అబద్ధం లేదు, చూశారా? పేర్లు చెప్పను గానీ, వాళ్ళు మీ ఓటును పంచుకుంటున్న రెండు పార్టీల్లో ఒకటి మల్కాజిగిరిలో పోటీయే చేయలేదు. తెనాలి రాజకీయం నిజాంపేట ఓటుకు ఎలా తగిలించారో ఆ ఇద్దరికే తెలియాలి.

మీరు దాటేసిన సంగతి ఒకటి ఉత్తరంలో నాలుగో పేజీలో ఉంది. 'పోలింగు రోజు మా మరిది ఆఫీసు కాల్స్‌లో ఉండి కూడా కొండాపూర్ నుంచి పొద్దుటి నుంచీ రాత్రి దాకా గ్రూపులో పెడుతూనే ఉన్నాడు' అన్నారు. అతని ఓటు ఊళ్ళో ఉందని మొదటి పేజీలో రాశారు. కొండాపూర్‌లో కూర్చుని తెనాలిలో ఎలా వేస్తాడు? నా ఊహ తప్పయినా కావచ్చు. కానీ అందరికంటే గట్టిగా అరిచిన మనిషీ, అస్సలు నోరెత్తని మీరూ ఆ రోజు ఒకే జాబితాలో ఉన్నట్టున్నారు. సగం మంది బూత్ ముఖం చూడని నగరంలో గ్రూపులు ఇంతగా మండిపోవడం నాకెప్పుడూ విచిత్రంగానే ఉంటుంది. లైన్లో నిలబడాలంటే గంట పడుతుంది, ఫార్వర్డ్ చేయడానికి రెండు సెకన్లు చాలు.

ఇది చదివి మీ చెయ్యి ఫోన్ మీదకి వెళ్తుందేమో, ఆగండి. గ్రూపులో 'నీ వేలు చూపించు' అని మీరు అడిగితే ఆ పూట గెలుస్తారు. మీ అన్నయ్య చప్పట్లు కొడతారు. ఆ తర్వాత మరిది ఫంక్షన్‌కే కాదు, పాప పెళ్ళికి కూడా రాడు. ఇంకా ముఖ్యం, మీ వేలి సంగతి ఎవరైనా తిరగేసి అడిగితే మీ దగ్గర జవాబు లేదు. ఈ సంగతి అతని మీదకి వాడుకోకండి, మీ మనసు తేలికపరచుకోవడానికి వాడుకోండి. ఎప్పుడైనా అతనూ మీరూ ఒంటరిగా టీ తాగుతున్నప్పుడు "నేనూ వేయలేదు బాబూ" అనండి. ఆ 'నేనూ' అతనికి తగలాల్సిన చోటే తగులుతుంది.

అసలు పుండు ఆ రెండు మెసేజీలే. 'మా చెల్లి ఎలా బతుకుతోందో', 'తీసుకెళ్ళండి'. వీటిలో రాజకీయం ఏముంది? పదిహేడేళ్ళ కాపురాన్ని మీ పేరెత్తి, మిమ్మల్ని అడగకుండా, ముప్పై మంది ముందు బేరం పెట్టారు. మీరు ఓటు గురించి అయిదు పేజీలు, ఆ మాటల గురించి రెండు వాక్యాలు రాశారు. నొప్పి ఆ రెండు వాక్యాల్లోనే ఉంది. పార్టీల సంగతంటారా, అవి ఎలాగోలా సర్దుకుంటాయి. 2009లో తెలుగుదేశం, టీఆర్‌ఎస్, రెండు కమ్యూనిస్టు పార్టీలూ ఒక్క కూటమిగా ఓట్లడిగాయి. ఓట్ల లెక్కింపుకు ఆరు రోజుల ముందే టీఆర్‌ఎస్ అధినేత లూధియానాలో ఎన్‌డీఏ వేదిక ఎక్కారు. ఆ ఏడు మా బంధువుల్లో తోడల్లుళ్ళిద్దరు ఆ కూటమి గురించే తగువు పడ్డారు. కూటమి పోయి పదిహేనేళ్ళు దాటింది. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో వాళ్ళిద్దరినీ వేర్వేరు బంతుల్లో కూర్చోబెడతాం.

కాబట్టి 'తీసుకెళ్ళండి' అన్న మాట గురించి మాట్లాడాల్సింది మీవారు, తన తమ్ముడితో. మీరు కాదు. మీవారు ఆ రాత్రి మెసేజీ చూసి 'వాడంతే, పట్టించుకోకు' అన్నారని రాశారు. పట్టించుకోవాల్సిన మాటే అది. ఆయనతో సూటిగా చెప్పండి: పార్టీ గురించి ఏమీ అడగొద్దు, ఆ ఒక్క మాట వెనక్కి తీసుకొమ్మని అడగండి, చాలు. మీ అన్నయ్యతో మీరు మాట్లాడండి. "నేను ఎలా బతుకుతున్నానో నన్నడగాలి గానీ గ్రూపులో రాస్తారా?" అనండి. ఆయన నొచ్చుకుంటారు. ఒకటి రెండు వారాలు ఫోన్ చేయకపోవచ్చు. దానికి సిద్ధంగా ఉండండి. ఇద్దరి మధ్యా కబుర్లు మోసే పని మాత్రం పెట్టుకోకండి, చివరికి అందరి తిట్లూ మోసేవాళ్ళకే.

ఫంక్షన్ విషయంలో మీరు అనుకున్న దారుల్లో రెండు ఫంక్షన్లు చేయడం ఒకటి. ఊళ్ళో ఒకటి, ఇక్కడొకటి. ఖర్చు అటుంచండి, ఒక్కసారి అలా చేస్తే మళ్ళీ ప్రతి శుభకార్యానికీ రెండు చేయాలి. వాయిదా వేయడం ఇంకొకటి. కార్తీకం దాకా ఆగితే కోపాలు చల్లారొచ్చు, లేదా ఈలోగా అలకలు బిగుసుకుపోవచ్చు. నా మొగ్గు మూడోదాని వైపు. తేదీ మార్చకుండా ఇద్దరినీ మీ దంపతులు ఇంటికెళ్ళి బొట్టుపెట్టి పిలవండి. 'ఆయన వస్తే' అన్న షరతుకు జవాబు చెప్పకండి. "ఇద్దరూ రావాలి, ఇద్దరికీ పని ఉంది" అని ఊరుకోండి. ఓణీ మేనమామ చేతిది, భోజనాల దగ్గర నిలబడి వడ్డన చూడటం బాబాయిది. ఒకరు స్టేజీ దగ్గర, ఒకరు డైనింగ్ హాల్లో. రాని మనిషి రాడు. మీరు వదులుకున్నారని ఎవరూ అనలేరు, తనే మానేశాడంటారు. మరిది రాకపోతే మీ అత్తగారు ఏడుస్తారు, అదొక్కటీ తప్పించుకోలేరు. గ్రూపు నుంచి ఎవరినీ తీసేయకండి. తీసేయడం కూడా ఒక మెసేజీయే. ఫంక్షన్ పనులకు కొత్త గ్రూపు పెట్టి, అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగు మార్చండి.

మళ్ళీ ఓటు దగ్గరికి.  కార్పొరేషన్ ఎన్నికలకు కూడా వార్డుల జాబితా అసెంబ్లీ ఓటర్ల జాబితా నుంచే తయారవుతుంది. ఈ వర్షాకాలంలోనే ఒకసారి 1950కి ఫోన్ చేసి గానీ, ఓటరు కార్డు మీది నంబరుతో ఎన్నికల సంఘం వెబ్‌సైటులో గానీ మీ బూత్ ఏదో చూసుకోండి. చిరునామా తప్పుంటే మళ్ళీ ఫారం 8. పోలింగు ముందు రోజు మరోసారి చూడండి. పొద్దున ఏడింటికి లైన్లో ఉంటే ఎండా ఉండదు, నిద్రా ఉండదు.

ఈ ఏడు పేజీల్లో మీరు భర్త గురించి అడిగారు, అత్తగారి గురించి అడిగారు, అన్నయ్య, మరిది గురించి అడిగారు. పాప గురించి ఏమీ అడగలేదు. మార్కర్ తనది, చూసింది తను, 'నాన్నకి చెప్పన్లే' అని మాటిచ్చి రెండు నెలలుగా నిలబెట్టుకుంటున్నదీ తనే. బామ్మ వేళ్ళు పక్కపక్కన పెట్టి చూస్తుంటే ఆ పిల్ల పక్కనే కూర్చుని అన్నం తింటోంది కదా. ఎవరికి ముందు చెప్పాలని అడిగారు. తనకు చెప్పండి. "ఆ రోజు నేను వేయలేదు, వేశానన్నాను, బామ్మకి ఇవాళ చెప్పేస్తున్నాను, నువ్విక దాచక్కర్లేదు" అని. పనిలో పనిగా ఇంకొకటి కూడా అడగండి: మామయ్య, బాబాయ్ ఇద్దరిలో ఎవరు రాకపోతే తనకి బాధగా ఉంటుందో. ఫంక్షన్ తనదే అయినా, ఈ ప్రశ్న ఇంతవరకూ తననెవరూ అడిగినట్టు లేదు.